వైరు తెగితే అతికించుకుంటా, బ్యాటరీ చస్తే ఏం చేయమంటారు?

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మీ టెక్నాలజీ పేజీలో ఇయర్‌ఫోన్ల మీద వచ్చిన వ్యాసం చదివానండి. చదివేసి నా పని నేను చూసుకుందామనుకున్నా కానీ మనసొప్పలేదు, ఎందుకంటే వైరున్న ఇయర్‌ఫోన్స్ అంటే ఏదో అటక మీద పడేయాల్సిన సామాను అన్నట్టు రాశారు, కొనుక్కోదగ్గవి అని ఇచ్చిన లిస్టులో వైరుది ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. రాసినాయన ఎప్పుడైనా రోజుకి ఎనిమిది గంటలు చెవిలో పెట్టుకుని పనిచేశారో లేదో నాకు డౌటు.

నేను బతికేదే చెవుల మీద. రికార్డింగులు విని టైప్ చేసిపెట్టే పని నాది, ఇంటర్వ్యూలు, మీటింగులు, ఉపన్యాసాలు ఏవొస్తే అవి. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా చెవిలో ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు. నా దగ్గర రెండు రకాలూ ఉన్నాయి, రెండూ వాడతా, కాబట్టి పాతకాలం మనిషి ఏదో గొణుగుతున్నాడని అనుకోవద్దు.

ముందు వైర్‌లెస్ మంచి ఒప్పేసుకుంటా. వైరుతో నాకు జరిగిన అవమానాలు అన్నీ ఇన్నీ కావు. ఫోన్‌లో మాట్లాడుతూ గదిలోంచి బయటికొస్తుంటే వైరు వెళ్ళి తలుపు హ్యాండిల్‌కి తగులుకుంటుంది, మనం ముందుకి చెవి వెనక్కి. ఒకసారైతే చెవిలో ఉన్న సంగతి మర్చిపోయి కుర్చీలోంచి లేచా, వైరుతో పాటు లాప్‌టాప్ కూడా టేబుల్ అంచు దాకా వచ్చేసింది, మా ఆవిడ పట్టుకోకపోతే అంతే. జేబులో పెట్టి అయిదు నిమిషాలకి తీస్తే దానంతట అదే ముడులు పడి ఉంటుంది, ఆ ముడులు ఎవరేస్తారో ఇప్పటికీ నాకు అర్థం కాదు. నడుస్తుంటే వైరు చొక్కాకి రాసుకుని ఆ బరబర అంతా నేరుగా చెవిలోకి వస్తుంది, వైరుని చెవి మీదుగా వెనక్కి తిప్పుకుంటే కొంచెం తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. అందుకే వాకింగ్‌కి, ఇల్లు సర్దేటప్పుడు, గిన్నెలు కడిగేటప్పుడు నేను కూడా బడ్సే, అంటే వైరు లేని ఆ చిన్న ఇయర్‌ఫోన్లే పెట్టుకుంటా. ఇంకెవరైనా అదే చేస్తారు.

ఐతే పనికి కూర్చున్నప్పుడు కథ వేరేలా ఉంటుంది.

ఒక్కసారి వివరంగా చెప్తా వినండి. నా పని ఎలా ఉంటుందంటే రెండు మాటలు వినడం, ఆపడం, టైప్ చేయడం, మళ్ళీ నొక్కడం. రోజుకి కొన్ని వందల సార్లు ఆ ప్లే బటన్ నొక్కుతా. వైరులో నొక్కంగానే మాట, ఆపంగానే ఆగుతుంది. బ్లూటూత్‌లో అలా కాదు, సౌండుని కుదించి, ముక్కలు చేసి, గాల్లో పంపి, అక్కడ మళ్ళీ విప్పి వినిపించాలి కాబట్టి మామూలుగా 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా లేటవుతుంది. సెకనులో అయిదో వంతేగా అంటారు, కానీ మాట్లాడే మనిషి ఆ టైమ్‌లో ఒక అక్షరం ఈజీగా పలికేస్తాడు. అది కూడా పర్లేదు. అసలు ప్రాబ్లం ఏంటంటే చాలా బడ్స్ సౌండ్ కాసేపు లేకపోతే బ్యాటరీ మిగుల్చుకోడానికి కునుకు తీస్తాయి, మళ్ళీ ప్లే నొక్కితే నిద్ర లేచేసరికి మొదటి అక్షరం పోతుంది. మన భాషలో మొదటి అక్షరం పోతే ఏమవుతుందో తెలుసుగా, అసాధ్యం సాధ్యం అయిపోతుంది, అన్యాయం న్యాయం అయిపోతుంది. ఒక మీటింగులో ఎవరో పెద్దాయన "అసంతృప్తిగా ఉంది" అంటే నేను సంతృప్తిగా ఉందని కొట్టి పంపించేశా! వాళ్ళు ఫోన్ చేసి తిడితే మళ్ళీ వైరు పెట్టుకుని విన్నా, ఆ 'అ' చక్కగా ఖంగుమని వినిపించింది. ఆ రోజు నుంచి పనికి బడ్స్ బంద్.

సినిమా చూసేవాళ్ళకి ఈ లేటు తెలీదు, ఎందుకంటే వీడియో యాప్‌లు చాలావరకు సౌండ్ ఎంత లేటో లెక్కేసుకుని బొమ్మని కూడా అంతే ఆపి చూపిస్తాయి, పెదాలు మాట కలిసిపోతాయి. గేముల్లో ఆ పప్పులుడకవు, మీరు ఎప్పుడు బటన్ నొక్కుతారో గేముకి ముందే తెలీదు కదా. మా అబ్బాయి వైర్‌లెస్ కావాలని పేచీ పెట్టి మరీ కొనిపించుకున్నాడు, ఇప్పుడు గేమ్ ఆడేటప్పుడు మాత్రం "నాన్నా, నీ వైరుది ఒకసారి ఇవ్వవా" అని నా టేబుల్ దగ్గరికి వస్తాడు. కీబోర్డు వాయిస్తూ అదే కీబోర్డుని బ్లూటూత్‌లో విందామని చూసినవాళ్ళకి కూడా ఈ బాధ తెలుసు, వేలు ఒక చోట స్వరం ఒక చోట.

మైకు సంగతి ఇంకా ఘోరం. లాప్‌టాప్‌లో పాట వింటున్నప్పుడు అంత బాగా వినిపించే బడ్స్, మీటింగ్ మొదలవగానే బావిలోంచి మాట్లాడినట్టు అయిపోతాయి, గమనించారా? చాలామంది బడ్స్ పాడయ్యాయనుకుని మార్చేస్తారు. పాడవలేదు. మామూలు బ్లూటూత్‌లో పాటలకి ఒక దారి, ఫోన్ మాటలకి ఇంకో దారి ఉంటాయి. మైకు ఆన్ అవగానే సౌండ్ రెండో దారికి మారిపోతుంది, అందులో సౌండుని సెకనుకి 8 వేల సార్లో 16 వేల సార్లో మాత్రమే కొలుస్తారు, పాటల సీడీలో అయితే 44,100 సార్లు. దీనికి చిన్న చిట్కా ఉంది, మీటింగ్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మైకుగా లాప్‌టాప్ మైకుని పెట్టుకుని బడ్స్‌ని వినడానికి మాత్రమే ఉంచుకోండి, సౌండ్ మళ్ళీ మామూలైపోతుంది. 2020లో బ్లూటూత్‌కి ఎల్‌ఈ ఆడియో అని కొత్త పద్ధతి ప్రకటించారు, అది ఇటు ఫోన్‌లో అటు బడ్స్‌లో రెండింట్లోనూ ఉంటే ఈ గొడవ తగ్గుతుంది. పాత వాటికి మాత్రం చిట్కానే దిక్కు.

సౌండ్ క్వాలిటీ గురించి మీ వ్యాసంలో సగం పేజీ ఖర్చుపెట్టారు కానీ నా దృష్టిలో అది అంత పెద్ద విషయం కాదు. సీడీ అంటే సెకనుకి 1,411 కిలోబిట్లు, బ్లూటూత్‌లో సౌండుని కుదించే ఎల్‌డ్యాక్ అనే పద్ధతిలో 990 దాకా పోతుంది, మామూలు ఎస్‌బీసీలో 328 చుట్టుపక్కల. నంబర్లు చూస్తే భయమేస్తుంది గానీ రోడ్డు మీద నడుస్తూ పాట వినేవాడికి ఆ తేడా పట్టుకోవడం కష్టం. చెవిలో రబ్బరు సరిగ్గా కూర్చుందా లేదా అన్నదే ఎక్కువ తేడా చూపిస్తుంది, సైజు తప్పయితే ఎంత గొప్ప ఇయర్‌ఫోన్‌లో అయినా బేస్ మొత్తం బయటికి పోతుంది.

ఇంకో చిన్న సంగతి, బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలని నీళ్ళు మింగేస్తాయి, మన ఒళ్ళంతా నీళ్ళే కదా. ఫోన్ ఎడమ జేబులో పెట్టుకుని, సిగ్నల్ అందుకునే బడ్ కుడి చెవిలో ఉంటే మధ్యలో మనమే అడ్డు. ఇంట్లో అయితే గోడలకి తగిలి తిరిగొచ్చి ఎలాగోలా చేరుతుంది, ఖాళీ మైదానంలో తిరిగి రావడానికి గోడే ఉండదు కాబట్టి అక్కడే ఎక్కువ తెగుతుంది. అంత బయలు ఉంది, అడ్డమే లేదు, ఇక్కడెందుకు కట్ అవుతోందిరా అని నేను చాలాసార్లు జుట్టు పీక్కున్నా. జేబు మార్చి చూడండి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. మీ వ్యాసంలో వైరుది తొందరగా తెగిపోతుంది అని ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. తెగుతుందండీ, నిజమే. ఎక్కడ తెగుతుందో కూడా తెలుసు, పిన్ను దగ్గర వంగే చోట, లేకపోతే రెండుగా చీలే చోట. ఎలా తెగిందో చెవే చెప్పేస్తుంది. ఒక పక్క రాకపోతే ఆ పక్క తీగ పోయినట్టు. గమ్మత్తు ఏంటంటే కొన్నిసార్లు రెండు పక్కలా మ్యూజిక్ వస్తుంది గానీ పాడేవాళ్ళ గొంతు మాయమైపోతుంది, వెనక తబలా వయొలిన్ ఏవో దూరంగా వినపడతాయి, పాట పాడుకోమని మనకి వదిలేసినట్టు. అప్పుడు పోయింది రెండింటికీ ఉమ్మడిగా ఉండే తీగ, అంటే గ్రౌండు. అది పోతే ఎడమకీ కుడికీ ఉన్న తేడా మాత్రమే వినపడుతుంది, గొంతుని రెండు పక్కలా సమానంగా రికార్డు చేస్తారు కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాయమవుతుంది. పిన్ను ఫోన్‌లోకి పూర్తిగా దిగకపోయినా ఇంతే, కాబట్టి కంగారుపడి పారేయకముందు జాక్‌లో, అంటే పిన్ను దూర్చే బొక్కలో పేరుకున్న దుమ్ము అగ్గిపుల్లతో మెల్లిగా తీసి చూడండి, నాకు రెండుసార్లు అంతే అయింది.

నిజంగా తెగితే నేనే అతికించుకుంటా. మొదటిసారి నాకు అస్సలు అంటుకోలేదు, టంకం కరిగి బొట్టులా జారిపోతోంది తప్ప తీగని పట్టుకోవట్లేదు. గంటసేపు కుస్తీ పట్టాక అర్థమైంది ఏంటంటే ఆ ఎర్ర రంగు, ఆకుపచ్చ రంగు తొడుగు కాదు, రాగి పోగుల మీద పూసిన ఎనామిల్ అని, అది ఉన్నంతసేపు కరెంటూ పారదు టంకమూ పట్టదు అని. వెంట్రుకల్లాంటి రాగి పోగులు, మధ్యలో బలం కోసం దారాలు, ఆ దారాలు తీసేసి కొసని లైటర్ మంటలో ఒక్క క్షణం చూపించి తుడిచేస్తే రాగి బయటపడుతుంది, ఒక్క క్షణం ఎక్కువైతే పోగులే మాడిపోతాయి. మామూలుగా ఎరుపు కుడి, ఆకుపచ్చో నీలమో ఎడమ, రాగి రంగుది గ్రౌండు. మైకు ఉన్నదైతే పిన్నుకి నాలుగు గడులు, అందులో గ్రౌండునీ మైకునీ తారుమారు చేశారంటే మళ్ళీ ఇందాక చెప్పిన గొంతు మాయమయ్యే రోగమే. కొత్త పిన్ను వేశాక ముందుకంటే అంగుళం పొట్టిదవుతుంది అంతే. నా వైరు ఇప్పటికి మూడుసార్లు పొట్టిదయింది, ఇంకా పనిచేస్తోంది.

అదే బడ్స్‌ సంగతి చూడండి. ఒక్కోదాంట్లో వేలి గోరంత బ్యాటరీ, కొన్ని పదుల మిల్లీయాంప్‌అవర్లు, ఫోన్‌లో ఉండేది నాలుగైదు వేలు. ఇలాంటి లిథియం బ్యాటరీలు సుమారు 500 సార్లు నిండి ఖాళీ అయ్యేసరికి మొదట్లో ఉన్న సామర్థ్యంలో ఓ 80 శాతానికి పడిపోతాయని లెక్క. అయిదు గంటలొచ్చే బడ్స్‌ని నాలాంటోడు రోజుకి ఎనిమిది గంటలు వాడితే రోజుకి ఒకటిన్నర సార్లు పైనే ఖాళీ చేసినట్టు, ఏడాది తిరక్కముందే ఆ 500 అయిపోతాయి. నాకు కుడిది ముందు పోయింది, ఎందుకంటే ఫోన్లు ఎక్కువ ఆ ఒక్కటి పెట్టుకునే మాట్లాడేవాణ్ణి. అయిదు గంటలు మూడు అయింది, మూడు ఒకటిన్నర అయింది, చివరికి ఎడమది ఇంకా ఉత్సాహంగా పాడుతుంటే కుడిది టింగుమని సెలవు తీసుకునేది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ఆ అబ్బాయి దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు, "సార్, దీన్ని విప్పడం ఉండదు, కొత్తది తీసుకోండి" అన్నాడు. అతన్ని అని లాభం లేదు, నిజంగానే విప్పలేరు, మొత్తం గమ్ముతో అతికించేసి ఉంటుంది. యాపిల్ మొదటి ఎయిర్‌పాడ్స్‌ని, పరికరాలు విప్పి రిపేరు ఎంత తేలికో చెప్పే ఐఫిక్సిట్ వాళ్ళు విప్పి చూసి రిపేరుకి పదికి సున్నా మార్కులిచ్చారు. స్పీకరు బాగుంది, మైకు బాగుంది, చిప్పు బాగుంది, పోయింది గోరంత బ్యాటరీ, పారేసేది మాత్రం మొత్తం. దాన్ని చెత్తబుట్టలో కూడా వేయకూడదు, లిథియం కదా, నలిగితే అంటుకుంటుంది. నా పాత జత ఇప్పటికీ సొరుగులో ఉంది ఏం చేయాలో తెలీక.

యూరోపియన్ యూనియన్ వాళ్ళు 2023లో ఒక చట్టం చేశారు, 2027 ఫిబ్రవరి 18 నుంచి చేతిలో పట్టే పరికరాల్లో బ్యాటరీని వాడుకునేవాళ్ళే తీసి మార్చుకునేలా ఉండాలని, కొన్ని మినహాయింపులు ఉన్నాయనుకోండి. ఇలాంటిది మీ వ్యాసంలో ఒక్క వాక్యం ఉంటే ఎంత బాగుండేది, దానికి బదులు చార్జింగ్ డబ్బా మీద లైట్ ఏ రంగులో వెలుగుతుందో రాశారు.

వైరు వాడండి అని మీరు రాసినా ఇప్పుడు చాలా ఫోన్లకి దూర్చడానికి బొక్కే లేదు, అది వేరే ఏడుపు. ఆ జాక్ వయసు ఎంతో తెలుసా, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో ఆపరేటర్లు ఒక లైను తీసి ఇంకో లైనులో గుచ్చేవాళ్ళే, ఆ లావుపాటి పిన్నుకి మనవడు ఇది. 19వ శతాబ్దం నాటి సరుకు. సన్నబడి 3.5 మిల్లీమీటర్లు అయింది, ట్రాన్సిస్టర్ రేడియోల్లోకి వచ్చింది, 1979లో సోనీ వాక్‌మన్‌తో అందరి నడుముకీ ఎక్కింది. 2016లో ఐఫోన్ 7తో యాపిల్ దాన్ని పీకేసింది, దాన్నే ధైర్యం అని చెప్పుకుంది కూడా, అదే రోజు అదే స్టేజీ మీద ఎయిర్‌పాడ్స్ చూపించింది. వెక్కిరించిన కంపెనీలు కూడా తర్వాత చాలావరకు అదే దారి పట్టాయి. కావాలంటే చార్జింగ్ బొక్కకి అడాప్టర్ పెట్టుకోమంటారు. అందులో మళ్ళీ రెండు రకాలు, ఒకటి లోపల చిన్న చిప్పు ఉండి డిజిటల్‌ని సౌండుగా మార్చేది, రెండోది ఉత్త తీగ. ఉత్త తీగ రకం కొన్ని ఫోన్లలో పనిచేస్తుంది కొన్నిట్లో చేయదు, చూడ్డానికి మాత్రం రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. కొనేటప్పుడు డాక్ (ఆ చిప్పు పేరే) ఉందా అని అడగండి, ఉన్నది కొనుక్కోవడమే సేఫ్. పైగా మామూలు అడాప్టర్ పెడితే వైరుతో చార్జింగ్ పెట్టలేరు, చార్జింగ్ వైరు పెడితే వినలేరు.

జాక్‌తో పాటు ఇంకోటి కూడా పోయింది, ఎవరూ పట్టించుకోలేదు. మా అమ్మకి ఫోన్‌లో ఎఫ్‌ఎం రేడియో అలవాటు. ఫోన్‌లో ఎఫ్‌ఎంకి ఇయర్‌ఫోన్ వైరే యాంటెన్నా, ఎఫ్‌ఎం తరంగం పొడవు మూడు మీటర్ల చిల్లర, అందులో నాలుగో వంతు అంటే ముప్పావు మీటరు పైన తీగ ఉంటే బాగా పట్టుకుంటుంది, ఇయర్‌ఫోన్ వైరు మామూలుగా అంత పొడవు ఉంటుంది. కొత్త ఫోన్ కొనిచ్చి మంచి బడ్స్ పెట్టిస్తే "ఇందులో రేడియో ఏదిరా" అంది. నెట్‌లో వస్తుందమ్మా అన్నా. నెట్ లేనప్పుడో అంది. నా దగ్గర జవాబు లేదు. పాత ఫోన్ మళ్ళీ బయటికి తీశాం, ఇప్పుడు అది ఫోన్ కాదు, వైరు తగిలించిన రేడియో. ఆవిడకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది, బడ్ మీద వేలితో రెండుసార్లు తట్టడం ఆవిడ వల్ల కాదు, చేయి వణుకుతుంది, ఒకసారి తడితే పాట ఆగుతుంది మూడుసార్లు తడితే ఇంకోటి వస్తుంది. వైరు మీద బటన్ నొక్కితే టిక్కుమంటుంది, నొక్కామో లేదో వేలికి తెలుస్తుంది.

చెవుల ఆరోగ్యం దగ్గర మాత్రం నేను వైర్‌లెస్ పక్షమే, కాస్త మంచి బడ్స్‌లో నాయిస్ క్యాన్సిలేషన్ ఉంటుంది కాబట్టి. బస్సు ఇంజను, ఫ్యాను లాంటి ఒకే రకం మోతని అది బాగా తగ్గిస్తుంది, బయట మోత తగ్గితే వాల్యూం పెంచాలనిపించదు. వారానికి 40 గంటలు వినేవాళ్ళు 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగానికి తగ్గించుకోవాలి, 90కి పెంచితే వారానికి నాలుగే గంటలు. వైరుతో బస్సులో వినేవాళ్ళు మోతకి పోటీగా ఎంత పెంచుతారో నాకు తెలుసు, నేనూ పెంచేవాణ్ణి. ఇక బ్లూటూత్ రేడియేషన్ బుర్రకి ఎక్కుతుందని తిరిగే మెసేజ్‌లు నమ్మకండి, బడ్స్ పంపేది మామూలుగా కొన్ని మిల్లీవాట్లే, చెవికి ఆనించుకునే ఫోన్ అంతకంటే చాలా ఎక్కువ పంపగలదు.

కాబట్టి సంపాదకులు గారూ, నేను అడిగేది పెద్దదేం కాదు. మీరు ఇయర్‌ఫోన్ గురించి రాసిన ప్రతిసారీ ఒక మూడు లైన్లు కలపండి: ఎంత లేటొస్తుంది, మైకు ఆన్ చేస్తే సౌండ్ ఏమవుతుంది, బ్యాటరీ పోతే మారుస్తారా మార్చరా. మూడోది కంపెనీ వాళ్ళని రాతపూర్వకంగా అడిగి, చెప్పకపోతే చెప్పలేదని వేయండి. ఫోన్ రివ్యూలో కెమెరాకి ఒక పేజీ ఇస్తున్నారు, జాక్ ఉందో లేదో ఒక్క మాట రాస్తే మీ సొమ్మేం పోదు. లిస్టులో వైరుది ఒక్కటైనా పెట్టండి.

ఉత్తరం పెద్దదైపోయింది, కత్తిరించి వేసుకోండి, కానీ బ్యాటరీ ముక్క మాత్రం తీయకండి. ఇక ఉంటానండీ, సాయంత్రం లోపల పంపాల్సిన రికార్డింగు ఇంకా 40 నిమిషాలు మిగిలింది, అందులో ఇద్దరు ఒకేసారి మాట్లాడుతున్నారు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు